నడుము ముందా, చెయ్యి ముందా

భూపాలపల్లిలో ఒక కాలేజీవాళ్లు మూఢనమ్మకాల మీద మాట్లాడమని పిలిస్తే పోయిన నెల వెళ్లాను. ఇలాంటి సభలు నాకు కొత్త కాదు. బాణామతి లేదన్నందుకు రాళ్లు తిన్నాను. దేవుడు పూనాడని ఊగుతున్న మనిషిని ఇంటిపేరుతో సహా పిలిచి, ఊగడం ఆపించి, మంచినీళ్లు తాగించి పంపాను. మాట్లాడడానికి ఏనాడూ వెనుకాడలేదు. ఆ రోజు రావలసిన పెద్దమనిషి రాక సభ ఆలస్యమైంది. గదిలో కూర్చోబుద్ధి కాక మైదానం వైపు నడిచాను. అక్కడ కొందరు ఆడపిల్లలు బేస్‌బాల్ ఆడుతున్నారు. నేర్పుతున్న యువతి ఒక పిల్ల బ్యాటు తిప్పుతుంటే ఫోన్‌లో వీడియో తీసి, దాన్ని చీమ నడకంత నెమ్మదిగా చూపిస్తోంది.

"సూడు. ముందుగాల ఏం కదిలింది? కాలు. కాలు నేల పట్టినంక నడుము తిరిగింది. చేతులు యాడున్నయ్ చెప్పు? ఇంక చెవెనకనే ఉన్నయ్. గిప్పుడు రొమ్ము తిరిగింది, భుజం తిరిగింది, అందరు పోయినంక ఆఖర్న చేతులు. నువ్వేం జేస్తున్నవ్? చేతులతోనే మొదలువెడుతున్నవ్. గందుకే బంతి కాళ్లకాడ పడుతున్నది."

నేను ఆ ఫోన్ మీదికి వంగి చూశాను. మళ్లీ చూపించమని అడిగాను. ఆ యువతి నన్ను వింతగా చూసి మళ్లీ చూపించింది. కాలు, నడుము, రొమ్ము, భుజం, చేతులు. తొమ్మిదో తరగతిలో నేను మా హాస్టల్ గోడ మీద అతికించినది సరిగ్గా దీనికి తలకిందులుగా ఉంది. అతికించి ఊరుకోలేదు. కమిలి అనే పిల్లకు పట్టుబట్టి నేర్పాను. మైదానం నుంచి తిరిగి వెళ్లి సభలో గంటసేపు మాట్లాడాను. ఎవరు చెప్పినా ఋజువు అడగండి అన్నాను. చప్పట్లు కొట్టారు. ఇన్నేళ్లలో చప్పట్లు వింటూ తల దించుకున్నది అదే మొదటిసారి.

ఆ తలకిందుల సంగతి చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మాది జనగామ. నాయిన బడిపంతులు. సాయంత్రం బడి విడిచి వచ్చి, కాళ్లు కడుక్కొని, అరుగు మీద చాప వేసుకొని కూర్చుంటే వాదానికి జనం వచ్చేవాళ్లు. జాతకం చెప్పేవాడు, భజన మండలి వాళ్లు, ఊరికే వినడానికి వచ్చే దర్జీ, అందరూ అక్కడే. నాయిన గొంతు పెంచేవాడు కాదు. మూడు మాటలే అడిగేవాడు. "సూసినవా? విన్నవా? సదివినవా?" విన్నానంటే నవ్వి పక్కన పెట్టేవాడు. చదివానంటే ఎక్కడ చదివావని అడిగేవాడు. చూశానంటే మాత్రం కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకొని ముందుకు వంగేవాడు. చూసినదానికి అంత మర్యాద ఉండేది ఆయన దగ్గర. నాకు మాత్రం చదివినదే గొప్పగా కనిపించేది. చూడడానికి జనగామలో ఏముంది? పుస్తకంలో ప్రపంచమంతా ఉంది. నాకు సుబోధ అని పేరు పెట్టినవాడు ఆయనే. ఆ పేరు మోయడం కూడా ఒక రకమైన గర్వమే అని ఇప్పుడు అనిపిస్తుంది.

అరుగు మీద వాదం నడుస్తుంటే లోపల అవ్వ, అమ్మను మేం అట్లాగే పిలిచేవాళ్లం, ఇసుర్రాయి ముందు కూర్చొని జొన్నలు విసిరేది. ఆ రాయి గరగరమనే చప్పుడు, వేడెక్కిన పిండి వాసన, కిరసనాయిల్ పొయ్యి వాసన, బయట నాయిన మాట, ఇవన్నీ కలిసి నాకు సాయంత్రం. ఎదురు కూర్చొని నేనూ పిడి పట్టుకునేదాన్ని. కాసేపటికే రెట్టలు గుంజేవి. "చేతితోని తిప్పుతవేందే? నడుముతోని తిప్పు బిడ్డా. చెయ్యి ఊకె పట్టుకునేటందుకే" అనేది అవ్వ. ఆమె కూర్చున్నచోటే ముందు నడుము కదిలేది, దాని వెనక వీపు, దాని వెనక భుజం. చెయ్యి పనిలేనిదానిలాగా వెంట వచ్చేది. రాయి దానంతటదే తిరుగుతున్నట్టుండేది. నేను ప్రతిరోజూ దాన్ని చూశాను. చూశానని తెలియకుండా చూశాను. అవ్వ చెప్పేది పొయ్యి దగ్గర మాట, అరుగు మీద మాట కాదు. అందుకే అది నా లెక్కలో ఋజువు కాలేదు. ఆడవాళ్ల మాటకు విలువ ఇవ్వని సమాజమని నేను తరువాత ఎన్ని వ్యాసాలు రాశానో!

ఎనిమిదో తరగతికి నన్ను మహబూబాబాద్‌లో ఆడపిల్లల హాస్టల్‌కు పంపారు. అక్కడికి రైలు కూతలు వినపడేవి. మిర్చి వచ్చే రోజుల్లో గాలి మళ్లితే తరగతి గది మొత్తం తుమ్మేది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం నీళ్ల చారు, సాయంత్రం ఆకలి. నా పక్క మంచం కమిలిది. గంగారం దగ్గర అడవి అంచున వాళ్ల తండా. ఇంట్లో లంబాడీ మాట, బయట తెలుగు. కోపం వస్తే తెలుగు పూర్తిగా పోయేది. నా పేరు ఆమె నోట సుబ్బి అయింది. ఎవరు సుబ్బి అన్నా ఒప్పుకునేదాన్ని కాదు, ఆమె అంటే పలికేదాన్ని. కొందరు పిల్లలు ఆమె పళ్లెం పక్కన పళ్లెం పెట్టేవాళ్లు కాదు. నేను పంతం పట్టి, అందరూ చూసేటట్టు, ఆమె పళ్లెంలోనే తిన్నాను. అది నా మొదటి సంస్కరణ. ఆమె పళ్లెంలో తిన్నాను గానీ ఆమె మాట వినలేదు.

మా డ్రిల్లు మేడం ఒక శిక్షణ శిబిరానికి వెళ్లి వచ్చి, కొత్త ఆట నేర్పుతానంది. ఒక బ్యాటు, రెండు బంతులు, కొన్ని జిరాక్సు కాగితాలు తెచ్చింది. ఆ ఆటను మాలో ఎవరూ చూసి ఉండలేదు. మేడం చూసింది ఒక పూట. కాగితాల మీద బ్యాటు పట్టుకున్న మనిషి బొమ్మలు, కాగితానికొకటి ఉన్నాయి. అంకెలు ఉండాల్సిన అంచు జిరాక్సులో తెగిపోయింది. కింద ఇంగ్లీషు మసి మసిగా ఉంది. శిబిరంలో వరస చెప్పారట గానీ మేడానికి గుర్తు లేదు. "సుబోధా, నీకు ఇంగ్లీష్ వస్తది. జర వరసగ వెట్టి గోడకు అంటిపియ్యమ్మా" అని నాకిచ్చింది. వ్యాసరచనలో, వక్తృత్వంలో కప్పులు తెచ్చిన పిల్లను కదా.

కాగితాలు మంచం మీద పరిచి ఆలోచించాను. ఆ ఆలోచన నాకు ఇప్పటికీ అడుగడుగునా గుర్తుంది, ఎందుకంటే అందులో ఎక్కడా తప్పు కనిపించదు. బంతిని కొట్టేది బ్యాటు. బ్యాటును పట్టుకునేది చెయ్యి. కాబట్టి మొదట కదలవలసింది చెయ్యి. చిర్రగోనె ఆటలో, అదే బిళ్లంగోడులో, మేం అట్లాగే కొట్టేవాళ్లం కూడా. ఒక బొమ్మలో ఆ మనిషి బొడ్డు ముందుకు తిరిగి ఉంది, చేతులు మాత్రం ఇంకా చెవి వెనకే ఉన్నాయి. కొట్టకముందు ఎవడైనా అట్లా మెలిక పడి నిలబడతాడా? కొట్టిన తరువాత బ్యాటును తిరిగి వెనక్కి తెచ్చుకుంటున్నాడన్నమాట. ముందు కాలు నేల మీద మోపుతున్న బొమ్మ ఇంకా చివరిది, పని అయిపోయి సర్దుకుంటున్నాడు. ఈ తర్కంతో చేతుల బొమ్మ మొదట, కాలి బొమ్మ ఆఖర్న పెట్టి, మైదా లై ఉడికించి గోడకు అతికించాను. కింద ఎర్ర సిరాతో రాశాను: చెయ్యి, భుజం, రొమ్ము, నడుము, కాలు. మేడం చూసి "మంచిగున్నది" అంది. ఒక్క బంతి కొట్టి చూసి ఉంటే తెలిసేది. సూసినవా అని నాయిన అడిగే మాట ఆ రోజు నాకు గుర్తు రాలేదు. అచ్చులో ఉన్నదని నమ్మాను. నిజానికి అచ్చులో ఉన్నది కూడా కాదు, అచ్చును నేను పేర్చుకున్నదాన్ని నమ్మాను. వేదంలో ఉందని వాదించేవాళ్లను ఆ తరువాత ఎన్నిసార్లు కడిగేశానో. వాళ్లు కనీసం పుటలు తారుమారు చేయలేదు.

మరునాడు మైదానంలో ఒక్కొక్కరం బ్యాటు పట్టాం. బంతి తగలడమే కష్టమైంది. కమిలి వంతు వచ్చింది. గోడ వైపు చూడనైనా లేదు. మేడం విసిరిన బంతి వస్తుంటే ఎడమ కాలు కొంచెం ముందుకు వేసింది, నడుము గిర్రున తిరిగింది, చేతులు చాలా ఆలస్యంగా, ఇంక రావేమో అనుకున్నప్పుడు వచ్చాయి. బంతి హాస్టల్ గోడ దాటి రైలు పట్టాల వైపు పోయింది. పిల్లలందరం అరిచాం. మేడం నోరు తెరిచి నిలబడింది. ఉన్న రెండు బంతుల్లో ఒకటి పోయిందని దిగులు కూడా మరిచిపోయింది.

"యాడ నేర్చుకున్నవే?" అంది మేడం.

"నేర్సుకోలేదు మేడం. చేన్ల వడిసెల కొడ్త."

మంచె మీద నిలబడి జొన్న కంకులకు వచ్చే పిట్టలను కొట్టే పని వాళ్ల ఇంట్లో ఆమెదే. తాడు నడుమ అల్లిన చిన్న గూట్లో రాయి పెట్టి, తిప్పి విసిరేదే వడిసెల. చేతి బలంతో విసిరితే రాయి చేను దాటదు. కాలు తన్ని, నడుము తిప్పి, చేతిని కొరడా కొసలాగా వదిలితేనే అవతలి గట్టు చేరుతుంది. ఇది ఇప్పుడు రాస్తున్నాను. ఆ రోజు నేను అన్నది వేరు.

"మేడం, తగిలింది గానీ తప్పు కొట్టింది. గోడ మీద సూడుండ్రి. కాలు ముందుగాల వెట్టింది. చేతులు ఆఖర్న వచ్చినయ్. మొత్తం ఉల్టా."

"బంతి పోయింది కదనే?" అంది కమిలి.

"గుడ్డిగ తగిలితే పోతది. రోజు పోతదా? సెలక్షన్‌ల గిట్ల కొడ్తె నవ్వుతరు. ఎందుకు గట్ల కొట్టినవ్, కారణం చెప్పు."

"నాకు గట్లనే వస్తది."

"గది కారణమా?"

ఆమె ఏదో చెప్పబోయింది. తెలుగు పోయింది. లంబాడీలో రెండు మాటలు అని, బ్యాటు కింద పెట్టి, వేలితో తన నడుము చూపించింది. పిల్లలు నవ్వారు. నేను గెలిచాను. మేడం నా వైపు తిరిగి, "నువ్వే నేర్పియ్యి ఆమెకు" అంది.

సెలక్షన్ అంటే మాకు ఏమిటో ఇక్కడ చెప్పాలి. వరంగల్‌లో జరిగే ఎంపికలో నెగ్గిన పిల్లలకు క్రీడల హాస్టల్‌లో సీటు. అక్కడ ఇంటర్ దాకా చదువు, తిండి, బట్టలు. నాకు ఆ సీటు అవసరం లేదు, బంతి నాకు ఎట్లాగూ తగిలేది కాదు. కమిలికి వేరే దారి లేదు. ఆ ఏడు పంట పోయింది, ఎండాకాలం వస్తే ఇంటిల్లిపాదీ ఖమ్మం వైపు మిర్చి ఏరబోతారు, ఆమెను బడి మాన్పిస్తామని వాళ్ల బాపు వచ్చి చెప్పిపోయాడు. "గీ ఆట గెలిస్తే మా బాపు ఏమనడు" అని ఆమె నాతో అంది. అందుకే నేను అంత శ్రద్ధగా నేర్పాను. మోసం చేశానని ఎవరూ అనలేరు. ప్రాణం పెట్టి నేర్పాను.

రోజూ సాయంత్రం ప్రార్థన గంటకు ముందు, గోడ ఎదురుగా నిలబెట్టి చెప్పించేదాన్ని. చెయ్యి, భుజం, రొమ్ము, నడుము, కాలు. పాఠం వల్లించినట్టు వల్లిస్తూ బ్యాటు తిప్పేది. నడుము ముందే కదలబోతే నేను వెనక నుంచి రెండు చేతులతో గట్టిగా పట్టుకొని ఆపేదాన్ని. నా అరచేతుల కింద ఆమె నడుము తిరగాలని గుంజేది, దూడ పలుపు గుంజినట్టు. నేను వదలలేదు. మొదటి వారం ఆమె నన్ను తిట్టింది. తరువాత మాట్లాడడం మానేసింది. తరువాత నేర్చుకుంది. నేర్చుకున్నాక బంతి గోడ దాటలేదు, మేడం కాళ్లు కూడా దాటలేదు. "ఇంక సాధన కావాలె" అన్నాను. కుడి భుజం నొస్తోందంటే, "కొత్త పని నేర్చుకుంటే నొస్తది" అన్నాను. ప్రతిదానికీ నా దగ్గర జవాబు ఉండేది.

వరంగల్‌లో ఎంపిక రోజున ఆమె మూడు బంతులు ఎదుర్కొంది. మొదటిది తగల్లేదు. రెండోది తగిలి పాదాల దగ్గర దొర్లింది. మూడోదానికి ముందు ఆమె గీత బయట నిలబడ్డ నా వైపు చూసింది. ఆ చూపు నన్ను అనుమతి అడిగిందని నాకు తెలుసు. నీ తీరుగ కొట్టు అని నేను ఒక్క మాట అని ఉంటే చాలు. నేను నోరు మెదిపి చూపించాను: చెయ్యి, భుజం. ఆమె చెయ్యితో మొదలుపెట్టి, ఉన్న బలమంతా పెట్టి తిప్పింది. భుజంలో టక్కుమన్న చప్పుడు నా దాకా వినపడింది. బ్యాటు జారి దూరంగా పడింది. పేరు రాసుకునే ఆయన తల అడ్డంగా ఊపి తరువాతి పిల్లను పిలిచాడు. వరంగల్ బస్టాండుకు నాయిన నా కోసం వచ్చి ఎదురుచూస్తున్నాడు, సెలవులకని నేను ఆయనతో అక్కడే ఆగిపోయాను. బస్సు కదులుతుంటే కమిలి కిటికీలోంచి ఎడమ చెయ్యి ఊపింది. సెలవుల తరువాత పక్క మంచం ఖాళీగా ఉంది. కాగితాలు గోడ మీద అట్లాగే ఉన్నాయి. వానకు ఊడిపోయేదాకా ఉన్నాయి.

భూపాలపల్లి నుంచి ఇంటికి పోలేదు. వాళ్లనూ వీళ్లనూ అడిగి, బస్సులు మారి, గంగారంలో ఆటో మాట్లాడుకొని మరునాటికి తండా చేరాను. కమిలి ఇంటి ముందు మక్క కంకులు ఒలుస్తోంది. ఎడమ చేత్తో ఒలుస్తోంది. కుడి చెయ్యి ఒళ్లో ఉంది. నన్ను కాసేపు చూసి పేరు పట్టేసింది.

"సుబ్బీ! నువ్వానే? తెల్లవడ్డవ్ కదనే."

"జుట్టే."

"జుట్టే తియ్యి. నోరు గట్లనే ఉన్నదా?"

నీళ్లిచ్చింది, పచ్చి కంకి కాల్చి ఇచ్చింది. నేను తినలేక, బస్సుల్లో కూడబలుక్కున్నదంతా ఒక్కసారి కక్కేశాను. కాగితాలు నేనే తప్పు పెట్టిన, నీదే సరి, నడుమే ముందు, భూపాలపల్లిలో కండ్లతోని చూసిన. ఆమె ఒలవడం ఆపలేదు.

"గా ఆట ఇంక యాదికున్నదా నీకు?"

"నీ భుజం కమిలీ. గా దినం టక్కుమన్నది, నేను విన్న."

"అన్నది. మల్ల మంచిగైంది. మల్ల నొచ్చింది. మిర్చి బస్తాలు మోసిన, పోరగాండ్లను ఎత్తిన, బండి మీదికెళ్లి కింద పడ్డ. దవాఖానల డాక్టర్ గుంజి చూసి పాత దెబ్బ అన్నడు. ఏ పాతదో వానికేం ఎరుక, నాకేం ఎరుక?" కంకి గంపలో వేసింది. "నా రాత గట్లున్నది, పో."

జీవితమంతా ఆ ఒక్క మాటతోనే కొట్లాడాను. రాత అనే మాట వెనక ఎవరో ఒకరు దాక్కుంటారని, వెతికి బయటికి లాగాలని వందసార్లు రాశాను. ఇప్పుడు లాగితే వచ్చేది నేనే. అది రాత కాదంటే నేను. నేను కాదంటే రాత అని ఒప్పుకోవాలి. ఆ భుజం నా వల్లే పోయిందనడానికి ఋజువు లేదు, కాదనడానికీ లేదు. మూడు ప్రశ్నలూ వేసుకున్నాను. ఒక్కటీ పనికి రాలేదు.

"రాత కాదే. నేనే" అన్నాను.

ఆమెకు అప్పుడు కోపం వచ్చింది. ఇన్నేళ్ల తరువాత, ఈసారి తెలుగు పోలేదు.

"అన్నిట్ల నువ్వే ఉండాలె నీకు. నేర్పింది నువ్వే, చెడగొట్టింది నువ్వేనా? గా మూడో బంతి నేను కొట్టిన. నా చేతులే. నీ మాట ఇననని అనలేకపోయిన, గది నాది. గదన్న నాకు ఉండనియ్యవా?"

నేను గంపలోంచి ఒక కంకి అందుకొని చేతిలో తిప్పాను. అవ్వ ఇసుర్రాయి ఇప్పుడు జనగామలో మా తమ్ముడి ఇంటి వెనక తులసి కుండ కింద ఉంది. ఆ భూపాలపల్లి పిల్లల ఫోన్‌లో నిజం ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు, ఎంత నెమ్మదిగా కావాలంటే అంత నెమ్మదిగా తిరుగుతుంది. వాళ్లకు నాలాంటి స్నేహితురాలితో పనిలేదు. అది మంచిదే. మా కాలంలో చూడడానికి ఏమీ లేదని నేను అనుకునేదాన్ని. ఇంట్లో అవ్వ ఉంది, పక్క మంచం మీద కమిలి ఉంది.

ఇంటి ముందే మక్క చేను. చిలుకలు దిగాయి. కమిలి లేచి, దూలానికి వేలాడే వడిసెల తీసుకుంది. అలవాటున కుడి చేతికే తాడు చుట్టుకొని రాయి పెట్టింది. కాలు నేల పట్టింది. నడుము తిరిగింది. రొమ్ము తిరిగింది. భుజం దగ్గర ఆగిపోయింది. రాయి జారి ఆమె పాదం పక్కనే పడింది. ఆమె దాన్ని చూడను కూడా లేదు, రోజూ జరిగేదే కాబోలు. నోటి దగ్గర చెయ్యి పెట్టుకొని "హోయ్" అని అరిచింది. చిలుకలు లేచి రెండు సాళ్లు అవతల వాలాయి.

"నువ్వు గూడ ఒర్రు, సుబ్బీ. నోరున్నది గదా నీకు."

నేను గట్టు మీదికి పోయి, గొంతెత్తి అరిచాను. చిలుకలు తింటూనే ఉన్నాయి.